చికాగో నుంచి మాడిసన్ దాకా: బేస్‌బాల్ ఆటలు, ఊరి భోజనాలు కలిపి మూడు రోజుల కారు ప్రయాణం వేసుకునే పద్ధతి

చికాగో చుట్టుపక్కల ఉండేవారూ, సెలవుల్లో అక్కడి పిల్లల ఇంటికి వచ్చే తల్లిదండ్రులను తిప్పదలచుకున్నవారూ తరచుగా అడిగే ప్రశ్న ఇది: ఒకటి రెండు బేస్‌బాల్ ఆటలు చూడాలి, అక్కడివాళ్లు మామూలుగా తినే చోట తినాలి, శాకాహారులు పస్తుండకూడదు, సోమవారం పొద్దున ఉద్యోగానికి వెళ్లాలి, ఇవన్నీ ఒక వారాంతంలో కుదురుతాయా? కుదురుతాయి. అయితే పనుల వరుస సరిగ్గా ఉండాలి.

చాలామంది ముందు హోటల్ చూస్తారు, తర్వాత దారి, ఆ తర్వాత చూడవలసిన చోట్లు, చివరకు టికెట్లు. ఈ వరుసను తిరగేయండి. ముందు ఆట గంట, తర్వాత వంటింటి గంట, ఆ రెండూ ఖాయమయ్యాక దారి, అన్నిటికన్నా చివర బస. ఆట మొదలయ్యే సమయం ఎవరి కోసమూ ఆగదు. ఇక్కడి చిన్న భోజనశాలల్లో పేరున్న వంటకం కొన్నిసార్లు వారంలో ఒక్క రోజే, అదీ ఒక్క పూటే దొరుకుతుంది. రోడ్డు, గది మాత్రం ఎలాగైనా సర్దుకుంటాయి.

కింద చెప్పినదంతా చికాగో, మిల్వాకీ, మాడిసన్ త్రికోణానికి సంబంధించినది. చికాగో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉంది, మిగిలిన రెండూ పక్కనున్న విస్కాన్సిన్‌లో. చికాగో నుంచి మిల్వాకీ ఐ-94 హైవే మీద సుమారు 90 మైళ్లు, మిల్వాకీ నుంచి మాడిసన్ సుమారు 80, మాడిసన్ నుంచి తిరిగి చికాగో ఐ-90 మీద సుమారు 150. ఏ రోజూ మూడు గంటలకు మించి స్టీరింగ్ పట్టుకోనక్కర లేకపోవడమే ఈ దారిని మొదటిసారి వెళ్లేవారికి చెప్పడానికి కారణం.

1. ముందు ఆటల పట్టిక తెరవండి

అమెరికా బేస్‌బాల్‌లో అగ్రస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. అందులో సగం, అంటే 81, సొంత మైదానంలో జరుగుతాయి. కాలం మార్చి చివర మొదలై సెప్టెంబరు చివరితో ముగుస్తుంది. చూడవలసింది ఆ వారాంతంలో మిల్వాకీ బ్రూయర్స్ జట్టు సొంత ఊళ్లో ఉందా లేదా అన్నది. అది తేలాక చికాగో కబ్స్ పట్టిక చూడండి. కబ్స్ బయట ఊళ్లో ఉంటే చికాగోలోని రెండో జట్టు వైట్ సాక్స్ చాలావరకు ఊళ్లోనే ఉంటుంది.

వేసవిలో మూడో ఆట కూడా కావాలంటే మాడిసన్‌లో మాలర్డ్స్ జట్టు ఉంది. కళాశాల ఆటగాళ్లు వేసవిలో ఆడే నార్త్‌వుడ్స్ లీగ్‌లోది అది. మే చివర నుంచి ఆగస్టు దాకా మాత్రమే ఆడుతుంది. పెద్ద స్టేడియంలో మూడు గంటలు కుదురుగా కూర్చోలేని పిల్లలు ఉన్నవారికి పెద్ద ఆటకన్నా ఇదే మేలని నా అభిప్రాయం.

ఒక ముఖ్యమైన మెలకువ: మిల్వాకీలోని అమెరికన్ ఫ్యామిలీ ఫీల్డ్‌కు మూసి తెరిచే పైకప్పు ఉంది, కాబట్టి వాన వల్ల ఆట ఆగదు. కబ్స్ ఆడే రిగ్లీ ఫీల్డ్‌కు పైకప్పు లేదు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు మళ్లీ రాలేరనుకుంటే, తప్పిపోకూడని ఆటను మిల్వాకీలోనే పెట్టుకోండి.

సరిచూసుకోవలసినవి:
- ఆట సొంత మైదానంలోనిదా, బయటిదా?
- మొదలయ్యే గంట ఎంత? ఆదివారం ఆట జాతీయ టీవీ ప్రసారం కోసం సాయంత్రానికి మారే అవకాశం ఉంది.
- మిల్వాకీలో ఆ రోజు ప్రత్యర్థి కబ్స్ జట్టేనా? అయితే చికాగో నుంచి జనం పోటెత్తుతారు, ధర పెరుగుతుంది.
- మాడిసన్‌లో ఆ శనివారం విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ ఆట ఉందా? సెప్టెంబరు నుంచి ఇది తప్పక చూడాలి. ఉంటే గదులు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు.

2. టికెట్, సీటు

టికెట్ ధర ప్రత్యర్థి జట్టును బట్టి, రోజును బట్టి మారుతుంది. 2025 మే నుంచి అమెరికాలో ఆటలు, కచేరీల టికెట్లకు అదనపు రుసుములన్నీ కలిపిన మొత్తాన్నే ముందుగా చూపించాలన్న కేంద్ర ప్రభుత్వ నిబంధన అమలులో ఉంది. కాబట్టి వేర్వేరు సైట్లలో ధరలు పోల్చడం ఇప్పుడు తేలిక. టికెట్లు ఫోన్‌లోనే ఉంటాయి. ఒకరి ఫోన్‌లోనే అందరి టికెట్లూ ఉంచుకుంటే అందరూ కలిసే లోపలికి వెళ్లాలి. రెండు కార్లలో వస్తున్నట్లయితే రెండో కారువారికి ముందురోజే టికెట్లు పంపేయండి.

పగటి ఆటలో సీటుకన్నా నీడ ముఖ్యం. రిగ్లీ ఫీల్డ్‌లో మూడో బేస్ వైపు, అంటే బ్యాటు పట్టినవారికి ఎడమ పక్క, స్టాండ్లు పడమట ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక అక్కడే ముందుగా నీడ పడుతుంది. పై అంతస్తు కింద ఉండే వరుసలకు ఎండా వానా రెండూ తప్పుతాయి, కానీ అక్కడ వెనక వరుసల్లో కొన్ని సీట్లకు ఇనుప స్తంభాలు అడ్డం వస్తాయి. కొనేటప్పుడు చూపు అడ్డుపడుతుందన్న సూచన ఉందేమో చదవండి. అవుట్‌ఫీల్డ్ వెనక ఉండే బ్లీచర్స్‌లో నీడ దొరకదు. తల్లిదండ్రులతో అక్కడ కొనవద్దు.

చంటిపిల్లలు, ముసలివారు ఉన్నప్పుడు హోమ్ ప్లేట్ (బ్యాటు పట్టి నిలబడే చోటు) వెనక, రెండు పక్కలా కట్టిన వల వెనకాలే కూర్చోండి. గంటకు వంద మైళ్లకు దగ్గరగా వచ్చే బంతి బ్యాటుకు తగిలి పక్కకు లేస్తే తప్పించుకునే వ్యవధి ఉండదు. పై అంతస్తు మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి కింది అంతస్తులో వెనక వరుస, నడవా పక్క సీటు కొంటే కొద్దిగా ఎక్కువ పెట్టినా ఆ పూటంతా హాయి.

3. భోజనాన్ని ఆట గంటకు కట్టండి

ఒక రోజుకు ఒక ఆట, ఒక పేరున్న భోజనం. అంతకు మించి పెట్టుకోవద్దు. మిగిలిన పూటలు ఇంటి తిండితోనో, దారిలో దొరికే మామూలు చోటుతోనో గడిపేయండి. రెండు పేరున్న చోట్లు ఒకే రోజున పెట్టుకున్నవారు రెండో చోట బల్ల కోసం ఎదురుచూస్తూ ఆట మొదటి గంట పోగొట్టుకుంటారు.

లెక్క వెనక నుంచి వేయాలి. ఆట 7 గంటల 10 నిమిషాలకైతే 6:30కు గేటు దగ్గర ఉండాలి, 6 గంటలకు కారు ఆపాలి, 5:40కి భోజనం ముగించాలి, కాబట్టి 4:30కే బల్ల దగ్గర కూర్చోవాలి. అంత తొందరగా ఆకలి ఎక్కడ వేస్తుందని ఇంట్లో అడుగుతారు. ఆ రోజు మధ్యాహ్న భోజనం తేలిగ్గా పెట్టుకోవడమే జవాబు.

వంటకాన్ని బట్టి పట్టే సమయం:
- చికాగో డీప్ డిష్ పిజ్జా (లోతైన పళ్లెంలో చేసే మందపాటిది): కాలడానికే 30 నుంచి 45 నిమిషాలు. దారిలో ఉండగానే ఫోన్ చేసి ఆర్డరు చెప్పండి.
- విస్కాన్సిన్ శుక్రవారం ఫిష్ ఫ్రై (వేయించిన చేపల భోజనం): చాలాచోట్ల రిజర్వేషన్ ఉండదు. 5 గంటల లోపు వెళితే ఎదురుచూపు తక్కువ, 6 దాటితే బారు దగ్గర నిలబడాలి.
- సప్పర్ క్లబ్: రాత్రి పూట మాత్రమే, నెమ్మదిగా సాగే భోజనం. ఆట ఉన్న రోజున పెట్టుకోవద్దు.
- హాట్ డాగ్ కొట్టు, కస్టర్డ్ కొట్టు: 15 నిమిషాలు. ఆట తర్వాతకు ఇవే సరైనవి.

4. ఆర్డరు చెప్పే ముందు అడగవలసినవి

ఈ ప్రయాణంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మెనూలో మాంసం పేరు కనిపించనంత మాత్రాన మాంసం లేదని కాదు, కనిపించిన పేరు ఏ జంతువుదో చెప్పదు కూడా.

*గొడ్డు మాంసం తిననివారికి.* బర్గర్ అంటే వేరే చెప్పకపోతే బీఫే. చికాగో హాట్ డాగ్ చాలా కొట్లలో పూర్తిగా బీఫ్‌తో చేసినది. ఇటాలియన్ బీఫ్ అనే సాండ్‌విచ్‌లో ఏముందో పేరులోనే ఉంది. ఆ రసంలో ముంచిన రొట్టె మాత్రమే అడిగినా అది బీఫ్ రసమే. విస్కాన్సిన్‌లో బ్రాట్ అనే సాసేజ్ ప్రధానంగా పంది మాంసం, కానీ లేగదూడ మాంసం కలిపి చేసేవి కూడా ఉన్నాయి. పంది మాంసం తిననివారు బ్రాట్‌ను పూర్తిగా వదిలేయాలి. కోడి మాంసంతో చేసినదని చెప్పినా పైపొర దేనితో చేశారో అడగండి.

*శాకాహారులకు.* బేక్డ్ బీన్స్‌లో బేకన్, అంటే పంది మాంసం, ముక్కలు వేయడం ఇక్కడ మామూలు. కూరగాయల సూప్‌కు కోడి ఎసరు వాడతారు. బంగాళాదుంప ఫ్రైస్ వేయించే నూనెలోనే చేప, కోడి కూడా వేయిస్తారు, శుక్రవారం అయితే చేప తప్పనిసరి. కాబట్టి ‘ఇది వెజిటేరియనా?’ అని అడిగి ఊరుకోవద్దు. వడ్డించేవారు మాంసం ముక్క లేదన్న అర్థంలో అవునంటారు. అడగవలసిన ప్రశ్నలు మూడు: ఎసరు దేనిది, నూనె విడిగా ఉందా, బేకన్ గానీ పంది కొవ్వు గానీ పడిందా?

*గుడ్డు కూడా తిననివారికి.* ఫ్రోజెన్ కస్టర్డ్ చూడడానికి ఐస్‌క్రీమ్‌లాగే ఉంటుంది, కానీ అమెరికా ఆహార నిబంధనల ప్రకారం ఆ పేరుతో అమ్మాలంటే అందులో కనీసం 1.4 శాతం గుడ్డు పచ్చసొన ఘనపదార్థం ఉండాలి. మిల్వాకీలో ప్రతి వీధి మలుపులోనూ ఊరించేది ఇదే. క్యాబేజీ తురుముతో చేసే కోల్‌స్లాలో పడే మయొనీజ్‌లో గుడ్డు ఉంటుంది, ఫిష్ ఫ్రైతో వచ్చే బంగాళాదుంప అట్లలో కూడా సాధారణంగా కలుపుతారు.

*మద్యం ముట్టనివారికి.* చీజ్ కర్డ్స్ (చిన్న జున్ను ముక్కలు) వేయించే ముందు ముంచే పిండిలో బీరు కలపడం విస్కాన్సిన్‌లో సర్వసాధారణం. బ్రాట్లను బీరులో ఉడికించి కాలుస్తారు. వేయించని తాజా చీజ్ కర్డ్స్‌తో ఈ ఇబ్బంది లేదు. ఆ రోజు చేసినవైతే కొరికినప్పుడు పళ్ల కింద కీచుమంటాయి, మర్నాటికి ఆ గుణం పోతుంది. జున్ను గడ్డకట్టించడానికి వాడే రెన్నెట్ పశువు నుంచి తీసినదా కాదా అన్నది పట్టించుకునేవారు అట్ట మీద మైక్రోబియల్ లేదా వెజిటేరియన్ రెన్నెట్ అన్న మాట వెతకాలి.

మరి శాకాహారులు ఏం తినవచ్చు? చికాగోలో డీప్ డిష్ పిజ్జా, పాలకూర, పుట్టగొడుగులు వేసినది. నలుగురికి చిన్న సైజు రెండు తీసుకుంటే మిగులుతుంది కూడా. ఒక్కొక్కరు రెండు ముక్కలు తినగలిగితే గొప్ప. ఊరివాళ్లు ఇళ్లలో తెప్పించుకునేది ఇది కాదు, పల్చగా, కరకరలాడుతూ చతురస్రాలుగా కోసే టావర్న్ పిజ్జా. మన నోటికి అదే బాగుంటుందని నేను అనుకుంటాను. గుడ్డు తినేవారికి చికాగో బీఫ్ కొట్లలో క్యాప్సికం, గుడ్డు కలిపిన పెప్పర్ అండ్ ఎగ్ సాండ్‌విచ్ ఉంటుంది. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలపు శుక్రవారాల్లో ఎక్కువచోట్ల, కొన్నిచోట్ల ఏడాది పొడవునా దొరుకుతుంది. కారంగా ఉండే జార్డినేరా ఊరగాయ వేయమని అడగండి. హాట్ డాగ్ కొట్టులో శాకాహార సాసేజ్ ఉందేమో కనుక్కోండి. ఉంటే ఆవాల ముద్ద, ఉల్లి, టమాటా, ఊరవేసిన దోసకాయ, చిన్న పచ్చిమిరపకాయలు, సెలరీ ఉప్పు, గసగసాల రొట్టెతో మొత్తం హంగు మాత్రం అదే. కెచప్ అడిగితే కొందరు కొట్టువాళ్లు మొహం చిట్లిస్తారు, పట్టించుకోవద్దు.

ఏ చోటూ కుదరకపోతే కల్వర్స్ ఉంది. 1984లో విస్కాన్సిన్‌లోని సాక్ సిటీలో మొదలైన ఈ గొలుసు హోటల్ దారి పొడవునా కనిపిస్తుంది, శుభ్రమైన మరుగుదొడ్లు ఉంటాయి. దీన్ని అత్యవసరానికి దాచుకోండి.

బిల్లు విషయం: బల్ల దగ్గర వడ్డించే చోట 18 నుంచి 20 శాతం టిప్ ఇవ్వడం రివాజు. ఆరుగురు, అంతకు మించి వెళితే టిప్‌ను బిల్లులోనే కలిపేసే చోట్లు ఉన్నాయి, కాబట్టి బిల్లు చదవకుండా మళ్లీ టిప్ కలపవద్దు. పాతకాలపు చిన్న కొట్లు కొన్ని నగదు మాత్రమే తీసుకుంటాయి. స్టేడియంలు చాలావరకు కార్డు మాత్రమే తీసుకుంటాయి. రెండూ దగ్గర ఉండాలి.

5. కారులో పెట్టుకోవలసినవి

- మంచుగడ్డలతో ఒక కూలర్. పెరుగన్నం, పళ్లు, నీళ్లు అందులో.
- పులిహోర, చపాతీలు విడి డబ్బాల్లో. మిగిలిన పిజ్జాను పెట్టడానికి ఒక ఖాళీ డబ్బా.
- పల్చటి స్వెటర్లు, ఒక దుప్పటి. ఏప్రిల్, మే నెలల్లో మిషిగన్ సరస్సు గాలి చికాగోలో ఎముకలు కొరుకుతుంది.
- టోపీ, సన్‌స్క్రీన్, ప్లాస్టిక్ వాన కోట్లు. గొడుగు వెనకవారికి అడ్డం.
- ఫోన్ ఛార్జింగ్ బ్యాటరీ. టికెట్లన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి.
- ఇల్లినాయ్ టోల్ కోసం ఐ-పాస్ లేదా ఈజీ-పాస్. అద్దె కారైతే కంపెనీవారి టోల్ రుసుము ఎంతో ముందే అడగండి. టోల్ కన్నా వారి రోజువారీ రుసుమే ఎక్కువ కావచ్చు.
- వండిన తిండి బయట రెండు గంటలకు మించి ఉంచవద్దు. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఒక గంటే.

6. శుక్రవారం: మిల్వాకీ

మధ్యాహ్నం 12 గంటలకు చికాగో శివారు దాటండి. 3 గంటల తర్వాత బయలుదేరితే ఊరు దాటడానికే ఓపిక నశిస్తుంది. రాష్ట్ర సరిహద్దు దాటాక కెనోషా దగ్గర ఐ-94 పక్కనే కోట ఆకారంలో కనిపించే మార్స్ చీజ్ కాసిల్ దగ్గర ఆగి, తాజా చీజ్ కర్డ్స్ కొని కూలర్‌లో పెట్టండి. విస్కాన్సిన్‌లో టోల్ రోడ్లు లేవు.

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి, రెండూ ఒకే సాయంత్రం కుదరవు.

*మొదటిది, ఫిష్ ఫ్రై.* 4:30కు ఏదైనా పేటలోని పాత బారు-భోజనశాలకు వెళ్లండి. కాడ్, పెర్చ్, దొరికితే వాలై చేప; పక్కన రై రొట్టె, బంగాళాదుంప అట్లు, కోల్‌స్లా. చేపలు తినేవారు పెర్చ్ అడగండి, మన చిన్న చేపల వేపుడుకు దగ్గరగా ఉంటుంది. కారం, నిమ్మకాయ మీరే అడిగి తెప్పించుకోవాలి.

*రెండోది, పార్కింగ్ స్థలంలోనే వంట.* బ్రూయర్స్ మైదానం చుట్టూ ఉన్న పార్కింగ్ స్థలాల్లో ఆటకు కొన్ని గంటల ముందే జనం కార్లు ఆపి, వెనక డిక్కీ తెరిచి, బొగ్గుల కుంపటి పెట్టి వండుకుంటారు. దీన్నే టెయిల్‌గేటింగ్ అంటారు, అది ఈ ఊరి వాడుక. శాకాహారులు ఉంటే నా ఓటు దీనికే: నూనె మనది, కాల్చే జాలీ మనది, అనుమానం లేదు.

టెయిల్‌గేటింగ్ క్రమం:
- పార్కింగ్ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి. ఆట రోజు గేటు దగ్గర కొంటే ఎక్కువ.
- ఆటకు మూడు గంటల ముందు చేరండి. మీ కారు వెనక మాత్రమే స్థలం వాడండి, పక్క గడి ఆక్రమించవద్దు.
- బొగ్గులు అంటుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది; దిగగానే ముందు ఆ పని.
- జూలై నుంచి సెప్టెంబరు దాకా దారి పక్క బల్లల మీద అమ్మే మొక్కజొన్న కంకులు కాల్చి, ఉప్పు, కారం, నిమ్మచెక్క రాయండి. పనీర్, క్యాప్సికం, ఉల్లి పుల్లలకు గుచ్చి ఇంట్లోనే నానబెట్టి తెచ్చుకోండి.
- బొగ్గులను స్థలంలో వాటి కోసం ఉంచిన డబ్బాల్లోనే పోయండి. కారు కింద గానీ చెత్తబుట్టలో గానీ వేయవద్దు.
- ఆటకు 45 నిమిషాల ముందు అన్నీ సర్ది గేటు వైపు నడవండి.

లోపలికి వెళ్లాక ఆరో ఇన్నింగ్స్ మధ్యలో సీటు వదలవద్దు. సాసేజ్ వేషాలు వేసుకున్న అయిదుగురు మైదానం అంచున పరుగు పందెం పెట్టుకుంటారు, పిల్లలకు ఆటకన్నా అదే గుర్తుంటుంది. చాలా స్టేడియంలు ఒక్కరికి సరిపడే బయటి తిండిని, మూత తీయని నీళ్ల సీసాను రానిస్తాయి. సంచీ కొలతలు జట్టు సైట్‌లో ముందురోజు చూడండి, ఇవి ఏటా మారుతుంటాయి.

7. శనివారం: మాడిసన్

పెద్దవాళ్లు ఉంటే పొద్దున మిల్వాకీ నుంచి పడమటగా 20 మైళ్ల దూరంలో పెవాకీలో ఉన్న హిందూ టెంపుల్ ఆఫ్ విస్కాన్సిన్ దర్శనం చేసుకుని వెళ్లవచ్చు; దారికి దగ్గరే. గుడి వేళలు ముందే చూడండి.

మాడిసన్ చేరేసరికి 11 దాటకూడదు. రాష్ట్ర శాసనసభ భవనం చుట్టూ ఏప్రిల్ నుంచి నవంబరు దాకా శనివారాల్లో జరిగే డేన్ కౌంటీ ఫార్మర్స్ మార్కెట్ మధ్యాహ్నం 2 లోపు సర్దేస్తారు. జనం అందరూ అపసవ్య దిశలోనే నడుస్తారు. ఎదురు నడిస్తే ముందుకు కదలలేరు. కారును చౌకు పక్కన వెతకకుండా రెండు మూడు వీధుల అవతల బహుళ అంతస్తుల పార్కింగ్‌లో పెట్టండి.

మధ్యాహ్నం మెండోటా సరస్సు ఒడ్డున విశ్వవిద్యాలయం వారి మెమోరియల్ యూనియన్ టెర్రస్‌లో రంగురంగుల ఇనుప కుర్చీల్లో కూలబడండి. ఇక్కడ ఏ పనీ పెట్టుకోవద్దు. మూడు రోజుల్లో డ్రైవరుకు దొరికే విశ్రాంతి ఇదొక్కటే.

సాయంత్రం వార్నర్ పార్క్‌లో మాలర్డ్స్ ఆట. టికెట్‌లోనే తిండి, పానీయాలు కలిసివచ్చే డక్ బ్లైండ్ అనే భాగం ఒకటి ఉంది. బాగా తినే కుర్రాళ్లకు లాభం, శాకాహారులకు నష్టం. మీ గుంపులో ఎవరెక్కువో చూసుకుని కొనండి.

8. ఆదివారం: రిగ్లీ ఫీల్డ్, లేదా నేరుగా ఇల్లు

పెద్దవాళ్లు అలసిపోతే ఈ ఆట వదిలేయండి. ముందే మూడు ఆటలకూ కొనేసి, మూడో ఆటకు లాక్కెళ్లడం కన్నా రెండింటితో ఆపడం మేలు.

వెళ్లేవారు మాడిసన్‌లో 8 గంటలకల్లా కారు ఎక్కాలి. మధ్యాహ్నం ఆట చాలావరకు 1:20కి ఉంటుంది. రిగ్లీ ఇళ్ల మధ్య ఉన్న మైదానం. చుట్టుపక్కల ప్రైవేటు స్థలాల్లో పార్కింగ్ ఖరీదు. సాయంత్రం ఆట రోజుల్లో చాలా వీధులు నివాసులకు మాత్రమే, మరచిపోయి ఆపితే కారును లాక్కుపోతారు. చికాగో ఉత్తర శివారు స్కోకీలోని డెంప్‌స్టర్ స్టేషను దగ్గర కారు పెట్టి, యెల్లో లైన్ రైలులో హోవర్డ్ దాకా, అక్కడ రెడ్ లైన్ రైలుకు మారి ఆడిసన్ స్టేషనులో దిగండి. స్టేషను నుంచి మైదానం కనిపిస్తూనే ఉంటుంది. ఆట ముగిసిన వెంటనే రైలెక్కవద్దు. అరగంట ఆగితే నిలబడే చోటైనా దొరుకుతుంది.

9. ఆట తెలియని పెద్దవాళ్లకు రెండు నిమిషాల్లో చెప్పవలసింది

క్రికెట్ తెలిసినవారికి ఇది చాలు. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్. ముగ్గురు అవుటైతే ఆ ఇన్నింగ్స్‌లో ఆ జట్టు వంతు అయిపోతుంది. నాలుగు బేస్‌లూ చుట్టి వస్తేనే ఒక పరుగు. బంతి ముందు వైపు, రెండు గీతల మధ్యనే వెళ్లాలి. పక్కకు వెళితే ఫౌల్. మూడు స్ట్రైకులకు, అంటే మూడు మంచి బంతులు తప్పిపోతే, అవుట్, నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా మొదటి బేస్. కంచె దాటితే సిక్సరే అనుకోండి, బేస్‌ల మీద ఉన్నవాళ్లందరూ ఇంటికి వస్తారు. మామూలుగా డ్రా లేదు, తేలేదాకా ఆడతారు.

2023లో బంతి వేసేవారికి గడియారం పెట్టాక ఆట నిడివి సుమారు రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గింది. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి నిలబడి పాడతారు, మీరూ లేవండి. బీరు అమ్మకం కొన్నిచోట్ల ఆ వేళకే ఆపేస్తారు. మద్యం కొనేవారు వయసు రుజువుగా పాస్‌పోర్టు తీసుకెళ్లాలి, భారతదేశపు డ్రైవింగ్ లైసెన్సును చాలాచోట్ల ఒప్పుకోరు.

10. తరచు జరిగే పొరపాట్లు, వాటి సర్దుబాట్లు

*వాన మొదలయింది.* ఉరుములు ఉంటే సీట్లలో ఉండవద్దు, లోపలి వరండాలోకి వెళ్లండి. ఇంటికి మాత్రం పరుగెత్తవద్దు. వేసవి జల్లు గంటలో తగ్గడం మామూలే. అయిదు ఇన్నింగ్స్ పూర్తయ్యాక ఆగిపోతే సాధారణంగా ఆట అయిపోయినట్లే లెక్క, డబ్బు తిరిగి రాదు. అసలు మొదలే కాకపోతే అదే టికెట్‌తో మరో రోజు రావచ్చు. రాలేనివారు జట్టు నిబంధనలు చదివి అడగాలి.

*భోజనం ఆలస్యమైంది.* కూర్చున్న అయిదు నిమిషాల్లో ‘మాకు ఆట ఉంది’ అని వడ్డించేవారితో చెప్పండి. ఆర్డరుతోపాటే బిల్లు అడగండి. ఇక్కడ అది మర్యాద తప్పడం కాదు.

*పార్కింగ్‌లో కారు ఎక్కడ పెట్టారో గుర్తు లేదు.* దిగగానే స్థలం పేరు, నంబరు ఉన్న స్తంభాన్ని ఫోటో తీసి గుంపులో అందరికీ పంపండి.

*ప్రయాణాన్ని ఇండియానా, మిషిగన్ వైపు పొడిగించారు.* చికాగో, విస్కాన్సిన్ సెంట్రల్ టైమ్‌లో ఉంటాయి. డెట్రాయిట్, ఇండియనాపొలిస్ ఈస్టర్న్‌లో. తూర్పుగా వెళితే ఒక గంట పోతుంది. టికెట్ మీద ఉన్నది ఆ ఊరి సమయం.

*రాత్రి ఆట ముగిశాక లాంగ్ డ్రైవ్.* విస్కాన్సిన్ రోడ్ల మీద చీకటి పడ్డాక జింకలు అడ్డం వస్తాయి. రాత్రి ఆట ఉన్న ఊళ్లోనే బస తీసుకోండి.

11. వేసవి కాకపోతే

అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మిల్వాకీ నడిబొడ్డున ఫైసర్వ్ ఫోరమ్‌లో బక్స్ బాస్కెట్‌బాల్ ఆటలు ఉంటాయి. పూర్తిగా లోపల, చలి భయం లేదు. ఫిష్ ఫ్రై ఏడాది పొడవునా ఉంటుంది కాబట్టి శుక్రవారం పథకం అలాగే సాగుతుంది. గ్రీన్ బే వెళ్లి ఫుట్‌బాల్ చూడాలనుకునేవారు పారదర్శకమైన సంచీ కొనుక్కోవాలి. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ నిబంధన ప్రకారం అది 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 12 ఎత్తు మించకూడదు.

12. ఇంటికి వచ్చాక

పాస్ లేకుండా ఇల్లినాయ్ టోల్ దాటినవారు కారు నంబరుతో ఇల్లినాయ్ టోల్‌వే సైట్‌లో 14 రోజుల లోపు కట్టేయాలి. సోమవారం రాత్రే ఆ పని ముగించండి. గడువు దాటితే జరిమానా కలుస్తుంది, అద్దె కారైతే ఆ పైన కంపెనీవారి రుసుము కూడా మీ కార్డు మీదే పడుతుంది.